నువ్వేం నొక్కావు?

మన ఇళ్ళల్లో ఏ వస్తువు మొరాయించినా మొట్టమొదట వినిపించే ప్రశ్న ఒకటుంది. మిక్సీ తిరక్కపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, సెల్‌ఫోను బిగుసుకుపోయినా సరే... "నువ్వేం నొక్కావు?"

అడిగేది మావారు కావచ్చు, మీవారు కావచ్చు, ఎనిమిదో తరగతి వెలగబెడుతున్న సుపుత్రుడు కావచ్చు. గొంతు మాత్రం ఒకటే. అది ప్రశ్న కాదు, తీర్పు. యంత్రం నిర్దోషి. కరెంటు నిర్దోషి. దాన్ని తయారుచేసి అమ్మినవాడు పరమ నిర్దోషి. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చిన మనిషి ఒక్కతే ముద్దాయి! ఆ మనిషి పొద్దుట్నుంచీ ఆ వస్తువు దరిదాపులకే పోలేదని చెప్పడానికి సాక్షులు కూడా దొరకరు.

ఈ ప్రశ్న మీద నాకు చాలాకాలంగా కక్ష ఉంది. మర్యాద తక్కువని కాదు, మర్యాద సంగతి తర్వాత. అసలది పనికిమాలిన ప్రశ్న. దానివల్ల రోగం తెలియదు సరికదా, డబ్బు దండగ. దాని స్థానంలో అడగాల్సిన ప్రశ్న రెండే రెండు మాటలు: "ఏం మారింది?" ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న తేడా నలభై అయిదు వేల రూపాయలని లెక్కతో సహా చెబుతాను, వినండి.

లెక్క కంప్యూటరుది. "అయ్యో, కంప్యూటరు గోలా!" అని పేజీ తిప్పెయ్యకండి. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. నాకు బోధపడిన సంగతి మీకు బోధపడకుండా ఉండదు.

మా ఆదోనికీ ఎమ్మిగనూరుకూ బస్సులో గంట ప్రయాణం. పత్తి మా ఊరి వ్యాపారం, నేత వాళ్ళ ఊరి విద్య. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతవారి సహకార సంఘం పెట్టినప్పటి నుంచీ ఎమ్మిగనూరు అంటే మగ్గమే గుర్తొస్తుంది. ఆ ఊళ్ళో ఒక నేతగాడి కూతురు నా నవలలకు టైపు చేసిపెడుతుంది. వీధిగదిలో ఓ బల్ల, బల్ల మీద ఏడెనిమిదేళ్ళ నాటి లాప్‌టాప్, పక్కన ఓ ప్రింటరు. అదీ ఆమె ఆస్తి. జనవరిలో నీలకంఠేశ్వరుని జాతర కరపత్రాలు, మాఘమాసంలో శుభలేఖలు, వేసవి ముందు బడి పరీక్షల పేపర్లు, మధ్యమధ్య నా నవలలు. ఇల్లు సగం ఆ బల్ల మీదే గడుస్తోంది.

తెలుగు అచ్చుపనిలో ఒక చిక్కుంది. శుభలేఖలైనా పుస్తకాలైనా మన ప్రెస్సులు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో, 'అను' లాంటి పాత పద్ధతి అక్షరాలతో చేస్తూ వచ్చాయి. చిన్న ఊళ్ళ ప్రెస్సులు చాలావరకు ఇప్పటికీ అవే అడుగుతాయి. పేజ్‌మేకర్ ఆఖరి రూపం 7.0 వచ్చింది 2001లో. అది పాత విండోస్‌లోనే కుదురుగా పని చేస్తుంది. ఆ పాత విండోస్‌కేమో కంపెనీవారు రక్షణ మానేశారు. విండోస్ 7కు 2020 జనవరి 14తో చెల్లుచీటీ. అలాంటిదాన్ని ఇంటర్నెట్‌కు తగిలిస్తే వీధి తలుపు బార్లా తీసి పడుకున్నట్టే.

అందుకని ఆమె ఏం చేసిందంటే, లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టుకుని, దాని లోపల ఒక పెట్టెలాంటిది చేసి, అందులో పాత విండోస్‌ను ఉంచింది. ఈ పెట్టెనే వర్చువల్ మెషిన్ అంటారు. మన భాషలో 'లోపలి పోర్షన్' అనుకోండి. ఇల్లు ఒకటే, కరెంటు మీటరు ఒకటే, నీళ్ళ కుళాయి ఒకటే. లోపలి పోర్షన్‌లో మాత్రం పాతకాలం అత్తగారుంటారు. ఆవిడకు బయటివాళ్ళతో మాటల్లేవు, ఆవిడ మడి ఆవిడది. పని మాత్రం చకచకా చేసిపెడుతుంది. ఏర్పాటు బాగుంది కదూ? మూడేళ్ళు ఏ పొరపొచ్చాలూ లేకుండా కాపురం సాగింది.

మొన్న జనవరిలో, సరిగ్గా జాతర పని నెత్తిన ఉన్న వారంలో, ఆమె ఫోన్ చేసింది. "అక్కా, అక్షరం కొడితే రెండు గుటకలు మింగినాక పడతాండాది" అంది. మౌస్ కదిపితే బాణం గుర్తు మోకాటి లోతు నీళ్ళలో నడిచినట్టు నడుస్తోందట. పేజీ జరిపితే కాసేపు సగం పాత పేజీ, సగం కొత్త పేజీ. రోజుకు ఇరవై పేజీలు కొట్టే మనిషి అయిదు పేజీలకు దిగిపోయింది.

ఇంట్లో భర్త అడిగాడు, "నువ్వేం నొక్కినావు?" అని. రిపేరు అంగడికి తీసుకుపోతే అక్కడి పెద్దమనిషి (అంగడి పేరు చెప్పను, అలాంటి పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు) మూత తెరిచి, మూసి, "ఏం నొక్కినారు మేడమ్? సరేలెండి, దీనికి వయసైపోయింది. కొత్తది తీసుకోండి, నలభై అయిదు వేలు. వాయిదాలున్నాయి" అన్నాడు. నాడి చూడకుండానే పాడె కట్టమన్నట్టు! పొదుపు సంఘంలో ఆ నెల అప్పు ఆమె వంతు. కూతురి కాలేజీ ఫీజుకని దాచుకున్న వంతది. అది కాస్తా లాప్‌టాప్‌కు ధారపోయాలన్నమాట.

ఆ రాత్రి గుంటమగ్గం మీంచి లేవకుండానే వాళ్ళ నాయన ఓ మాటన్నాడట. "బట్టలో తేడా వస్తే ఏ పేక కాడ మొదలైనాదో సూడల్ల గానీ, పోగు తెగిందని మగ్గం అమ్ముకుంటారామ్మా ఎవురైనా?"

ఈ దేశంలో కంప్యూటర్లు బాగుచేసే ప్రతి అంగడి గోడ మీదా రాయించాల్సిన మాట అది!

ఆమె ఆ పోగు పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఎప్పటి నుంచి నెమ్మదించింది? శుక్రవారం నుంచి. గురువారం దాకా భేషుగ్గా ఉంది. గురువారం రాత్రి ఏమయింది? కొత్త మార్పులొచ్చాయి, వేసుకోమంటావా అని యంత్రమే అడిగింది. సరే అంది. ఆగి మళ్ళీ మొదలయింది. ఆ మార్పుల జాబితాలో కెర్నెల్ ఒకటి.

"అదిగో, నొక్కింది కదా!" అంటారేమో. డాక్టరు టీకా వేయించుకోమంటే చెయ్యి చాపిన మనిషిది తప్పా? యంత్రం అడిగిన దానికి సరే అనడం నేరమైతే, అడిగిన యంత్రాన్ని ఏమనాలి?

కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పప్పు. వడ్లగింజలో బియ్యపుగింజ అన్నమాట. మీట నొక్కినా, తెర మీద చుక్క వెలిగినా, కాయితం అచ్చయినా అంతా దీని చేతుల మీదుగానే జరగాలి. లినక్స్‌కు ఈ గింజ వేసినవాడు లైనస్ టోర్వాల్డ్స్. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. ఇవాళ ప్రపంచమంతటా వేలమంది దాన్ని సాగు చేస్తున్నారు. తొమ్మిది పది వారాలకో కొత్త పంట వస్తుంది. కొత్తది వచ్చినా పాతదాన్ని వెంటనే పారెయ్యకుండా ఓ పక్కన ఉంచడం చాలా లినక్సులకు అలవాటు. యంత్రం మొదలయ్యేటప్పుడు కనిపించే పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అన్నచోటికి వెళితే, కొత్త కెర్నెల్ కింద పాతది బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

ఆమె పాతదాన్ని ఎంచుకుంది. అక్షరాలు నాడె ఆడినట్టు ఆడాయి! మళ్ళీ కొత్తదానితో మొదలుపెట్టింది. నత్తనడక. మూడోసారి పాతది. పరుగో పరుగు.

అయిపోయింది, కేసు కొట్టేశారు. ఆమె వేలు నిర్దోషి. లాప్‌టాప్ వయసు కూడా నిర్దోషి. గంటలో వయసు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరగడం పురాణాల్లో తప్ప ఎక్కడా లేదు కదా.

బెంగుళూరులో ఇదే వృత్తిలో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు "ఆవిడేం నొక్కింది?" అనలేదు. "ఏ కెర్నెల్ నుంచి ఏ కెర్నెల్‌కి మారింది పిన్నీ? నెమ్మది ఆ లోపలి విండోస్‌లోనేనా, బయట లినక్స్‌లో కూడానా?" అన్నాడు. చూశారా తేడా? తెలియనివాడు మనిషిని నిలదీస్తాడు. తెలిసినవాడు మార్పును నిలదీస్తాడు.

అడిగి చూస్తే, బయట కూడా కాస్త మందంగానే ఉంది. లోపల మరీ ఘోరం. "అయితే సిస్టం వివరాల పేజీలో గ్రాఫిక్స్ అన్నచోట ఏముందో చదవమను" అన్నాడు. అక్కడ బొమ్మలు గీసే చిప్పు పేరు ఉండాలి. దానికి బదులు 'ఎల్ఎల్‌విఎంపైప్' అని ఉంది. పేరు నోరు తిరగకపోయినా అర్థం తేలికే. చిప్పు పనిలోకి రాలేదు, దాని పని కూడా ప్రాసెసరే చేస్తోంది అని.

ఎందుకు రాలేదు? చిప్పుకూ కెర్నెల్‌కూ మధ్య డ్రైవర్ అనే దుబాసీ ఉంటాడు. కెర్నెల్ మారినప్పుడల్లా కొందరు దుబాసీలకు కొత్త కొలతలతో చొక్కా కుట్టాలి. చిప్పు చేసిన కంపెనీ ఆ పాత చిప్పుకు కుట్టడం ఎప్పుడో మానేసింది. పాత చొక్కా కొత్త కెర్నెల్‌కు పట్టలేదు. దుబాసీ రాలేదు. చిప్పు ఖాళీగా కూర్చుంది. తెర మీది లక్షల చుక్కలు ప్రాసెసరు ఒక్కటే గీసుకుంటూ చచ్చింది. లోపలి పోర్షన్ అత్తగారు గీయించిన బొమ్మను బయట మళ్ళీ గీయాలి కనుక అక్కడ రెండింతల చాకిరీ. అందుకే అక్కడ ప్రాణం పోయేంత నెమ్మది.

వంటమనిషి రాకపోతే ఇల్లాలు వంట చేస్తుంది, బట్టలుతుకుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది. "ఇవాళ ఆలస్యమేంటి?" అని అడిగేవాళ్ళే గానీ వంటమనిషి రాలేదన్న సంగతి ఎవరికీ పట్టదు. సరిగ్గా ఇదే కథ! అయితే ఇల్లాలైనా విసుక్కుంటుంది. ఈ యంత్రం ఒక్క మాట పైకి అనదు. "అమ్మా, నీ చిప్పు ఇవాళ పని చెయ్యడం లేదు" అని తెర మీద ఒక్క వాక్యం రాస్తే ఆమె రిపేరు అంగడి మెట్లెక్కేదా? నా మొదటి అభియోగం ఈ మౌనం మీద. రెండు నిమిషాల్లో తెలిసే నిజాన్ని దాచి, మనిషి తనని తానే అనుమానించుకునేలా చేసేది ఏ పాటి తెలివైన యంత్రం?

రెండో అభియోగం మార్చేవారి మీద. టోర్వాల్డ్స్‌కు ఓ మంచి నియమముంది. కెర్నెల్ మారినందువల్ల నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ ఆగిపోతే, తప్పు కెర్నెల్‌దే, వాడుకునేవారిది కాదు. 2012 డిసెంబరులో ఈ నియమం తప్పిన ఓ సీనియరును అందరి ముందూ నానా తిట్లూ తిట్టాడు. (ఆ తిట్ల అలవాటుకు 2018లో తనే క్షమాపణ చెప్పుకున్నాడు. నియమాన్ని మాత్రం వదల్లేదు.) మహా చక్కని నియమం. కానీ అది ముందు గదికే. కెర్నెల్ లోపల కూర్చునే బయటి కంపెనీల డ్రైవర్లకు అది వర్తించదు. "మీ పద్ధతి మాకిచ్చి కలవండి, మేమే ఎప్పటికప్పుడు కుట్టిపెడతాం" అంటారు వీళ్ళు. "మా కుట్టు రహస్యం" అంటారు వాళ్ళు. వీళ్ళిద్దరి పంతాలకూ మధ్య ఎమ్మిగనూరులో ఒక ఆడమనిషి అయిదు పేజీలకు దిగింది. ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయని ఊరికే అన్నారా!

"ఇవన్నీ పాత లాప్‌టాప్ తిప్పలు, కొత్తదైతే రావు" అంటారా? 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రయిక్ అనే కాపలా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ విండోస్ కెర్నెల్ లోపల కూర్చున్న ప్రోగ్రాంలోకి దిగింది. ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకు కూర్చున్నాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ఏ పెద్దమనిషైనా వెళ్ళి "ఏం నొక్కినారు? వయసైపోయింది, అన్నీ పారేసి కొత్తవి కొనండి" అన్నాడా? అనలేదు. ఏం మారిందో కనుక్కున్నారు. ఆ ఒక్క ఫైలు తీసేశారు. పాత యంత్రాలే మళ్ళీ నడిచాయి. విమానాశ్రయానికో న్యాయం, వీధిగదికో న్యాయమా?

ఇది చదివి "ఈ అప్‌డేట్లు మనకొద్దమ్మా" అని ఒట్టు పెట్టుకునేవారికీ నాకూ పడదు. 2017 మేలో వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. దానికి మందు ఆ మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవారు బతికారు, బద్ధకించినవారు చిక్కారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ అది సోకింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోకూడదు, ఎలుకల్లేవని గాదె తలుపు తెరిచీ ఉంచకూడదు. మార్పు రావాల్సిందే. వచ్చేటప్పుడు వెనక్కి వెళ్ళే దారి మూయకూడదు, అంతే నా వాదన.

ఇంతకీ ఆ అమ్మాయి ఏం చేసింది? లినక్స్‌లో కొన్ని కెర్నెళ్ళను దీర్ఘకాలపువిగా ఎంచుకుని, కొత్త హంగుల జోలికి పోకుండా, కొన్నేళ్ళపాటు వాటికి రక్షణ మార్పులు మాత్రం పంపుతుంటారు. 2024 నవంబరులో వచ్చిన 6.12 అలాంటిదే. తన డ్రైవరుకు నప్పే అంతకన్నా పాత వరస ఒకటి చూసుకుని దాంట్లో స్థిరపడింది. రక్షణకు రక్షణ, వేగానికి వేగం. ఖర్చు సున్నా. సంఘం అప్పు కాలేజీ ఫీజుకే పోయింది.

మీ ఇంట్లో ఇలాంటి బాధ వస్తే వరస ఇది. కత్తిరించి దాచుకుంటే దాచుకోండి. తెర నెమ్మది లోపలి పోర్షన్‌లోనేనా, ఇల్లంతానా? ఇల్లంతా అయితే రోగం బయట ఉంది. ఏ రోజు మొదలైంది, ముందు రోజు ఏం మారింది? పాత కెర్నెల్‌తో మొదలుపెట్టి చూడండి. బాగుంటే దోషం యంత్రానిది కాదు, మార్పుది. అప్పుడు కొత్త కెర్నెల్‌కు డ్రైవరును మళ్ళీ కట్టించండి. దానికి కావలసిన 'హెడర్స్' అనే సామాను లేకపోవడమే చాలాసార్లు అసలు లోపం. డ్రైవరు కట్టడానికి లొంగకపోతే దీర్ఘకాలపు కెర్నెల్‌లో ఉండండి. మీ ఇంట్లో ఏర్పాటు తిరగబడి, బయట విండోస్, లోపల లినక్స్ ఉంటే, లోపలి కెర్నెల్ మారినప్పుడు అక్కడి సహాయక డ్రైవర్లను మళ్ళీ కట్టించాలి. సూత్రం అదే, గది వేరు. పాత కెర్నెల్ ఒకటి ఎప్పుడూ అట్టేపెట్టుకోండి. పోర్షన్‌లో మార్పు చేసేముందు 'స్నాప్‌షాట్' తీసిపెట్టుకోండి. అది పోర్షన్ వరకే కాపాడుతుంది, బయటి ఇంటిని కాదు. ఇవన్నీ చేశాక కూడా బాగుపడకపోతే, అప్పుడు కొత్తదాని మాట ఎత్తండి. చివర అనాల్సిన మాట మొదటే అనేవాడు వైద్యుడు కాదు, వ్యాపారి.

ఈ వరసలో ఇంజనీరింగ్ పట్టా కావలసిన మెట్టు ఒక్కటైనా ఉందా? పాలు విరిగితే గిన్నె మారిందా, పాలవాడు మారాడా, ఎండ మారిందా అని మనం రోజూ చేసే విచారణే కదా ఇది. ఆ బుద్ధి మనకుంది. దాన్ని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళకుండా అడ్డం పడుతున్నది ఆ దిక్కుమాలిన ప్రశ్న ఒక్కటే. అది అడిగిన ప్రతిసారీ మన చెయ్యి మీటకు ఒక అంగుళం దూరం జరుగుతుంది. పదేళ్ళకు "నాకవన్నీ తెలియవండీ" అనే స్థితికి వస్తాం. ఆ తర్వాత నలభై అయిదు వేలు ఎవరు అడిగితే వారికి ఇచ్చేస్తాం.

కాబట్టి ఇకమీదట మీ ఇంట్లో ఎవరైనా "నువ్వేం నొక్కావు?" అంటే తల దించుకోకండి, కోపం కూడా తెచ్చుకోకండి. కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టి, "అది తర్వాత చూద్దాం. నిన్నటికీ ఇవాళ్టికీ దీంట్లో ఏం మారిందో ముందు మీరు చెప్పండి" అనండి. చెప్పగలిగితే ఇద్దరూ కలిసి బాగుచేసుకోండి. చెప్పలేకపోతే, దయచేసి లేవమనండి... ఆ కుర్చీలో మీరు కూర్చోండి.